ఎండిన కాలువకు పడవల రేవు

నీళ్లున్న చోట రేవు కట్టడంలో ఏముందండీ గొప్ప? ఎవరైనా కడతారు. సముద్రం ఒడ్డున కట్టారు, గోదావరి ఒడ్డున కట్టారు. ముందు నీళ్లు చూసుకున్నారు, తర్వాత రేవు కట్టుకున్నారు. అందులో ధైర్యమేది? దూరదృష్టి ఏది?

మా బళ్ళారిలో నీళ్లు లేని చోట రేవు కట్టాం!

నవ్వకండి. నవ్వు ఆపుకోలేని వాళ్లు పేజీ తిప్పేసి వారఫలాలు చదువుకోవచ్చు. మిగిలిన బుద్ధిమంతులకు ఈ వారం నేను రుజువు చేయదలచింది ఒక్కటే. ఊరి నడిబొడ్డున, ఎండిన కాలువకు, పడవలు కట్టుకునే రేవు ఉండటం ఆ ఊరు చేసుకున్న పూర్వజన్మ సుకృతం.

ఈ మాట చెప్పే అధికారం నాకుంది. నగర జలశోభా సమితికి నేను గౌరవ కార్యదర్శిని. బజారులో నాకు పాత్రల అంగడి కూడా ఉంది. బిందెలు, డ్రమ్ములు, బకెట్లు అమ్ముతాను. ఊళ్లో నీళ్లకు ఎంత కటకటగా ఉంటే నా అంగడి అంత కళకళలాడుతుంది. ఆ సంగతికీ ఈ వ్యాసానికీ ఏ సంబంధమూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ముందు కాలువ సంగతి. మా పేటను రెండుగా చీల్చుకుంటూ పోయే ఈ కాలువలో ఆగస్టు నుంచి జనవరి దాకా పొలాలకు వెళ్లే నీళ్లు పారతాయి. ఫిబ్రవరిలో కట్టేస్తారు. మిగతా కాలమంతా అందులో ఇసుక, పందులు, క్రికెట్టు.

రేవును మేము ఈ ఏడాది, అంటే 1988 మార్చిలో, ప్రారంభించాం. ఆగస్టు దాకా ఆగితే కాలువలో నీళ్లుంటాయి కదా అని సమితిలో ఒక తొందరపాటు సభ్యుడు అన్నాడు. మా అధ్యక్షుడు కోదండరామి అతణ్ని జాలిగా చూశాడు. కోదండరామిది మోక అనే ఊరి పక్క భూములున్న కుటుంబం. ఇప్పుడు లారీలు తిప్పుతాడు. లోకం చూసిన మనిషి.

"నీళ్లదేముందప్పా, ఏడాదేడాదీ వస్తాయి. మన ముఖ్య అతిథి ఆగస్టుకు పదవిలో ఉంటాడో ఉండడో!" అన్నాడు.

ఇంతకు మించిన దూరదృష్టి మీరెక్కడైనా చూశారా?

రేవు ఎంత బాగా కుదిరిందని! పన్నెండు రాతి మెట్లు. మెట్ల పైన పొడవాటి అరుగు. అరుగు పొడవునా పడవ తాళ్లు కట్టడానికి పాతిన ఇనుప కడియాలు. మునిగేవాళ్లను రక్షించడానికి ఎర్రరంగు పూసిన రెండు లారీ ట్యూబులు. పడవలకు దారి చూపించడానికి స్తంభం మీద ఒక ఎర్ర దీపం. ఆ దీపాన్ని ఆర్పే స్విచ్చి పెట్టడం మరిచిపోయారు కనుక అది పట్టపగలు కూడా వెలుగుతుంది. మొదటి వారం, గనుల నుంచి ఇనుప ముడిరాయి తెచ్చే లారీల డ్రైవర్లు దాన్ని చూసి సిగ్నలనుకుని ఆగిపోయారు. అది పచ్చబడుతుందేమోనని ఒకాయన మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. మా రేవు మీద బయటివాళ్లకున్న గౌరవానికి ఇది చిన్న ఉదాహరణ.

ఇక ఉపయోగాలు. ఎక్కడ మొదలుపెట్టను?

మా రేవులో ఇంతవరకు ఒక్క ప్రాణి మునగలేదు. ఏ సముద్రపు రేవైనా గుండె మీద చెయ్యి వేసుకుని ఈ మాట చెప్పగలదా? ఓడలు ఢీకొనలేదు. తుఫాను హెచ్చరికలు లేవు. చేపల కంపు లేదు. మా దర్జీపేట వాళ్లు రంగులో ముంచిన జీన్స్ ప్యాంట్లను ఆ కడియాలకు వేలాడదీస్తే గంటలో ఎండిపోతున్నాయి. నీళ్లున్న రేవులో ఆరేసి చూడండి, తెలుస్తుంది! మెట్ల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. అరుగు మీద ఉగ్గాని బజ్జీ బండి పెట్టారు. పెళ్లిచూపులకు ఫొటోలు తీయించుకునే ఆడపిల్లలు రబ్బరు ట్యూబు పక్కన నిలబడి తీయించుకుంటున్నారు. అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయిది సముద్రతీరం అనుకుంటున్నారట.

ఇంత గొప్ప రేవుకు నిబంధనలు ఉండొద్దా? ఆ బాధ్యత నా మీద పడింది. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద నగరానికి ఉత్తరం రాసి, వాళ్ల రేవు నిబంధనల పుస్తకం తెప్పించాను. వందేళ్ల అనుభవంతో రాసిన పుస్తకం అది. అందులో ఒక్క అక్షరం మార్చడానికి మనమెవరం? ఊరి పేరు మాత్రం కొట్టేసి 'బళ్ళారి' అని రాసి సమితి చేత ఆమోదింపజేశాను.

అందుకే మా రేవులో ఆటుపోట్ల బోర్డు ఉంది. రేవు అధికారి మల్లికార్జునయ్య రోజూ పొద్దున్నే వచ్చి, దాని మీద సుద్దముక్కతో 'నేటి పోటు: లేదు. నేటి ఆటు: లేదు' అని రాస్తాడు. ఈయన రిటైరైన గుమాస్తా. ఖాకీ చొక్కా, మెడలో ఈల, చంకలో రిజిస్టరు. తిమింగలం కనబడితే మూడుసార్లు ఈల వేయాలని ఇరవై ఆరో నిబంధన. ఆయన ఒకసారి వేశాడు. తీరా చూస్తే గేదె.

ఆ నిబంధనల్లో తొమ్మిదోది మాత్రం ఈ కథకు ప్రాణం. 'రేవుకు కట్టిన ఏ పడవనూ నీటి మార్గాన తప్ప బయటికి తీసుకుపోరాదు.' పడవలను దొంగలు ఎత్తుకుపోకుండా సముద్రం వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఎంత ముందుచూపో చూడండి!

అన్నీ కుదిరాయి. ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు కోదండరామికి గుర్తొచ్చింది, రేవుకు ఒక పడవ కావాలి కదా అని. బళ్ళారిలో పడవ ఎక్కడ దొరుకుతుంది? బజారంతా అడిగాం. చివరికి కంప్లి దగ్గరి ఎమ్మిగనూరు అవతల, తుంగభద్ర ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, దుర్గప్ప అనే ఆయన దగ్గర ఒక పుట్టి ఉందని తెలిసింది. పుట్టి అంటే తెలుసుగా? వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున గుడ్డ కప్పి తారు పూసిన గుండ్రటి పడవ. ఒడ్డుకు చేరాక నడిపేవాడు దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతాడు. కోదండరామి తన లారీ పంపి, ఒక్క దినానికని చెప్పి, పుట్టినీ దుర్గప్పనూ ఎక్కించుకొచ్చాడు.

ప్రారంభోత్సవం అద్భుతంగా జరిగింది. ముఖ్య అతిథిని పుట్టిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. దుర్గప్ప తెడ్డు పట్టుకుని ఇసుకలో నిలబడ్డాడు. మేళాలు మోగాయి. అతిథి కాసేపు గంభీరంగా ముందుకు చూశాడు.

"ఇదేందప్పా, కదలదే?" అన్నాడు.

"నీళ్లు లేవు గదా సామీ. కూర్చోండి, ఫొటో తీస్తాండారు," అన్నాడు దుర్గప్ప.

తర్వాత పుట్టి తాడును అరుగు మీది కడియానికి కట్టి, ముడి మీద లక్కతో సీలు వేశాం. మల్లికార్జునయ్య కొత్త రిజిస్టరు తెరిచి మొదటి పేజీలో 'కట్టిన పడవలు: ఒకటి' అని రాసుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ వేసవిలో ఆ కాలువలో కనబడిన మొదటి నీళ్లు అవే.

మర్నాడు పొద్దున దుర్గప్ప వచ్చి తాడు మీద చెయ్యి వేశాడు. ఈల మోగింది.

"యాడికి తీస్కపోతాండావు?" అన్నాడు మల్లికార్జునయ్య.

"మా ఊరికి సామీ. బస్సు టాపు మింద ఏస్కోని పోతా."

"పడవ బస్సులో పోతాదా? తొమ్మిదో నిబంధన ప్రకారం నీటి మార్గాన పోవల్ల."

"నీటి మార్గం యాడుండాది సామీ?"

"అదో, ముందరే ఉండాది గదా," అని మల్లికార్జునయ్య ఇసుక చూపించాడు. ఇసుకలో అప్పుడు ఒక పంది తన పిల్లలతో సహా పడుకుని ఉంది.

దుర్గప్ప నేరుగా నా అంగడికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సావుకారప్పా, ఒక్క దినానికని పిల్చుకొస్తిరి. మా ఊరోళ్లకు ఏరు దాటేకి ఉండేది ఈ పుట్టి ఒక్కటే. చేన్లన్నీ అవతల గడ్డన ఉండాయి. కోతలు మొదులైనాయి. పుట్టి లేకుంటే మా జనం ఎట్ల పోవల్ల?"

నేను అతనికి నిబంధనలంటే ఏమిటో, అవి లేకపోతే సమాజం ఏమైపోతుందో పావుగంట సేపు వివరించాను. కాలువకు నీళ్లు ఆగస్టులో వస్తాయనీ, అప్పుడు దర్జాగా నీటి మార్గాన వెళ్లొచ్చనీ చెప్పాను.

"ఆగస్టుకు కోతలుంటాయా సావుకారప్పా?"

సముద్రం వాళ్లు ఆ విషయం ఆలోచించలేదు మరి. నేనేం చేయను?

అతను ఊరికి పోలేదు. పోతే పుట్టి ఎండకు పాడైపోతుందని భయం. బళ్ళారి ఎండ సంగతి మీకు చెప్పాలా? రాళ్లే పేలిపోయే ఎండ. తారు పగిలి, వెదురు బద్దలు చిట్లితే ఆ పుట్టి ఇక నీళ్లలోకి పనికిరాదట. గోనెసంచులు తడిపి దాని మీద కప్పుతూ, పక్కనే కూర్చున్నాడు. తడపడానికి నీళ్లు కావాలి కదా? రేవుకు ఎదురిల్లే మాది. ఒక చెంబు పట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

మా ఆవిడ పంకజాక్షి విషయం తెలుసుకుని మండిపడింది. అతని మీద కాదు, నా మీద.

"మన కొళాయిలో నీళ్లొచ్చి ఆరు దినాలైంది. మనుషులకే తాగేకి లేకుంటే పుట్టికి స్నానమా? మీ రేవుకు దండం పెడతా!" అంది. అని, లోపలికి పోయి బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి అతని చెంబులో పోసింది.

ఇక్కడ ఒక అప్రస్తుతమైన విషయం చెప్పాలి. మా పేటలో రెండు వేల మందిమి ఉంటాం. కొళాయిలో నీళ్లు ఎనిమిది రోజులకొకసారి వస్తాయి, అదీ బుద్ధి పుడితే. జలశోభా సమితికి ఒక ట్యాంకరు ఉంది. ఊరి కూడళ్లలో పూలమొక్కలకు అది రోజూ నీళ్లు పోస్తుంది. ఆ ట్యాంకరును వారానికొకసారైనా మా పేటకు పంపమని మా వాళ్లు సమితికి పన్నెండు అర్జీలు పెట్టారు. పన్నెండింటికీ జవాబు నేనే రాశాను. 'సమితి నియమావళిలో మొక్కలు, ఫౌంటెన్లు, రేవులు, పడవలు ఉన్నవి. మనుషులు లేరు. కావున వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' పదకొండో అర్జీలో పంకజాక్షి సంతకం కూడా ఉంది. ఆమెకూ అదే జవాబు రాసి, పోస్టులో వేసి, మర్నాడు ఇంట్లో నేనే అందుకున్నాను. నిష్పక్షపాతం అంటే అది! ఆ రోజు నాకు చారు పోయలేదనుకోండి, అది వేరే సంగతి.

మళ్లీ అసలు విషయానికి వస్తాను. ఆ చెంబెడు నీళ్లు చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. పడవ పోవాలంటే నీళ్లు కావాలి. కాలువలో నీళ్లు లేవు. ట్యాంకరులో ఉన్నాయి. నియమావళిలో పడవ ఉంది! వెంటనే కాగితం తీసి సమితి తరఫున నాకు నేనే అర్జీ రాసుకున్నాను. 'పడవ బయలుదేరుటకు వీలుగా, అది తేలువరకు, దినమునకు ఒక ట్యాంకరు నీరు రేవు వద్ద కాలువలో పోయవలెను.' మంజూరు చేశాను. అర్జీకీ మంజూరుకూ మధ్య పట్టిన సమయం ఒక కాఫీ.

మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది! మా పేట పుట్టాక ట్యాంకరు రావడం అదే మొదలు. పిల్లలు దాని వెనక పరుగెత్తారు. ముసలివాళ్లు దండం పెట్టారు. డ్రైవరు పైపు తీసి కాలువలోకి వదిలాడు. నీళ్లు ధారగా పడ్డాయి. ఇసుక గటగటా తాగేసింది. ట్యాంకరు మొత్తం ఖాళీ అయ్యేసరికి పుట్టి కింద అరచెయ్యంత తడి మిగిలింది.

రెండో రోజుకు మా పక్కింటి నాగరత్నమ్మ బిందె పట్టుకుని వచ్చి పైపు కింద పెట్టింది. ఆమె భర్తకు బజారులో పసుపు కుంకుమల అంగడి. నలుగురు పిల్లలు, మంచాన పడిన అత్తగారు. ఆమెది ఎవరికీ జంకని నోరు. ఈల మోగింది.

"అమ్మా, అవి పడవ నీళ్లు. మనుషులు పట్టుకోకూడదు," అన్నాడు మల్లికార్జునయ్య.

"నీ పడవకు నాకంటే ఎక్కువ దప్పికా?" అంది నాగరత్నమ్మ.

"రూల్సమ్మా. పడవకని వచ్చినవి పడవకే చేరల్ల."

ఆమె పుట్టి వైపు చూసింది. పైపు వైపు చూసింది. బిందె కింద పెట్టింది. డ్రైవరు చేతిలోంచి పైపు లాక్కుని, తీసుకెళ్లి పుట్టిలో పెట్టింది.

"చేరినాయా పడవకు? రాసుకో పో!"

మల్లికార్జునయ్య నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. పడవ కింద నీళ్లుండాలని ఉంది. పడవ లోపల ఉండకూడదని ఎక్కడా లేదు. రిజిస్టరులో 'పడవకు నీరు అందినది' అని రాసుకున్నాడు.

పుట్టి నిండింది! మీరు నమ్మాలి. ఆ గుండ్రటి పుట్టి అంచుల దాకా నిండి, ఒక్క చుక్క కారకుండా అలా నిలబడింది. దుర్గప్ప పనితనం అది. పేటంతా బిందెలతో దిగింది. ముంచుకున్నవాళ్లకు ముంచుకున్నంత! రోజూ పొద్దున ఏడింటికి ట్యాంకరు, ఎనిమిదింటికల్లా పుట్టి ఖాళీ. కాఫీలో కొద్దిగా తారు వాసన వచ్చేది. వారం గడిచేసరికి తారు వాసన లేని కాఫీ మాకు చప్పగా అనిపించింది. పంకజాక్షి నాకు మళ్లీ చారు పోసింది. ఆ నెలలో నా అంగడిలో బిందెలు అమ్ముడుపోయిన వైనం మాత్రం అడక్కండి. ముందే చెప్పాను, సంబంధం లేదని.

ఇప్పుడు చెప్పండి. నీళ్లున్న ఏ రేవైనా జనానికి నీళ్లిచ్చిందా? సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి, చెంబెడు ముంచుకుని తాగమనండి!

ఈ సంబరం నచ్చనివాడు ఒక్క దుర్గప్పే. రోజూ సాయంత్రం నా అంగడి ముందు నిలబడేవాడు.

"పుట్టిని ఇడ్సండి సావుకారప్పా."

"తేలనీ దుర్గప్పా, తేలాక పోదువుగాని."

"లోపల నీళ్లు పోస్తే యాడన్నా తేల్తాదా?"

అతనికి సాంకేతిక విషయాలు తెలియవు. పోనీ పాపమని, తొమ్మిదో నిబంధనకు సవరణ కోరుతూ సమితి సమావేశం పెట్టాను. పేట ఆడవాళ్లంతా వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. పుట్టి పోతే పడవ లేదు. పడవ లేకపోతే ట్యాంకరు లేదు. అది వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా భార్య ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను లేచి నా జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత గొప్పగా మాట్లాడాను. వందేళ్ల అనుభవం అన్నాను. సముద్రపు సంప్రదాయం అన్నాను. ఇవాళ తొమ్మిదో నిబంధన సడలిస్తే రేపు తిమింగలాల గతేమిటి అన్నాను! సవరణ వీగిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. దుర్గప్ప లేచాడు. చెప్పులు వేసుకుని వెళ్లి పుట్టి పక్కన కూర్చున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంటికి పోతూ అతని ముందు నుంచి కాక, సందులో నుంచి చుట్టు తిరిగి పోయాను. ఎండ ఎక్కువగా ఉందని.

ఇరవై మూడో రోజున ఎమ్మిగనూరు బస్సు దిగి ఒకామె రేవుకు వచ్చింది. మోచేతుల దాకా వరి దుబ్బులు గీసుకున్న గీతలు. కొంగులో కొడవలి. దుర్గప్ప భార్య దురుగమ్మ. వస్తూనే మొగుణ్ని తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. పుట్టి చుట్టూ చేరి నీళ్లు ముంచుకుంటున్న ఆడవాళ్లను చూసి, అక్కడే మెట్టు మీద కూలబడింది.

"మా పుట్టి తీస్కపోదామని వచ్చినా అమ్మా," అంది చివరికి. "మీరు నీళ్లు ముంచుకుంటాండారు. ఎట్ల అడగల్ల?"

పుట్టిలోకి వంగిన చెంబులు ఆగాయి.

"మా ఊరి ఆడోళ్లు కంప్లి వంతెన మింద చుట్టు తిరిగి కోతలకు పోతాండారు. కోడి కూయకముందే లేస్తాండారు, పొద్దు మునిగినాక ఇల్లు జేరుతాండారు. సంటి పిల్లోళ్లు పాలకు ఏడ్సి ఏడ్సి నిద్దరపోతాండారు. మా కూతురు బాలింత. అదీ పోతాండాది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాకు ఏటి నిండా నీళ్లుండాయి తల్లీ. దాటేకే పుట్టి లేదు."

నాగరత్నమ్మ చేతిలో అప్పుడే ముంచిన బిందె ఉంది. దాన్ని దించి, ఆమెకు చెంబుతో నీళ్లిచ్చింది. దురుగమ్మ గటగటా తాగింది. నాగరత్నమ్మ ఆమె తాగేదాకా నిలబడి, మెట్లెక్కి అరుగు మీదికి వెళ్లి, లక్క సీలును రాయితో ఒక్కటిచ్చింది.

ఈల మోగింది. ఆగకుండా మోగింది.

"ఊదప్పా, ఊదు! నీకు గాలికేం కొదవ?" అంటూ ఆమె ముడి విప్పేసింది.

నేను పరుగెత్తుకెళ్లాను. "నాగరత్నమ్మా, ఆలోచించు! రేపటి నుంచి ట్యాంకరు రాదు!" అన్నాను.

"ఆలోచించే ఇన్ని దినాలు దీన్ని కట్టేసుకున్నాం. సిగ్గయితాంది," అంది.

అప్పుడు మా ఆవిడ చేసిన పని చూడండి! మిగిలిన నీళ్లను బిందెల్లోకి ఎత్తి, కొంగు నడుముకు చుట్టి, పుట్టికి ఒక పక్క తనే చెయ్యి వేసింది. ఆడవాళ్లంతా కలిసి దాన్ని బోర్లించి దుర్గప్ప నెత్తిన పెట్టారు. బస్టాండు దాకా వెంట నడిచి, బస్సు టాపు మీదికి ఎక్కించి వచ్చారు. ఎవరో దురుగమ్మ ఒళ్లో పసుపు కుంకుమ, రవికె గుడ్డ పెట్టారట. నిబంధనలున్న ఒక రేవు నుంచి పడవను రోడ్డు మార్గాన తరలించడం ఎంత నేరమో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. నేను కోపంతో ఇంట్లోకి వచ్చేశాను. కిటికీలో నుంచి చూస్తే దుర్గప్ప కనబడలేదు. నెత్తిన పుట్టి, దాని కింద రెండు కాళ్లు, కాళ్లు వేగంగా పోతున్నాయి.

మర్నాడు ట్యాంకరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మా పేట వాళ్లు పదమూడో అర్జీ పెట్టారు. నేను జవాబు రాయడానికి కూర్చున్నాను. 'నియమావళిలో మనుషులు లేరు' అన్న వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. సిరా అయిపోయి ఉంటుంది.

రెండు వేలమంది ఉన్నామని పన్నెండుసార్లు రాస్తే రాని ట్యాంకరు, ఒక్క పడవ ఉందంటే వచ్చింది. ఇందులో రేవు తప్పేముంది? తప్పంతా మాదే. మనుషులుగా పుట్టడం మా తప్పు. అలా పుట్టి నీళ్లడగడం ఇంకా పెద్ద తప్పు. ఆ మాటే పొరపాటున ఇంట్లో పైకి అన్నాను. పంకజాక్షి పోయి నాగరత్నమ్మకు చెప్పింది.

ఈ పొద్దున లేచి చూద్దును కదా, రేవు నిండిపోయి ఉంది! నాగరత్నమ్మ మొదటి కడియం దగ్గర కూర్చుని, నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస కడియానికి ముడేసుకుంది. పక్క కడియానికి మా ఆవిడ. ఆ పక్కన పేట ఆడవాళ్లంతా, ముసలివాళ్లు, పిల్లలు, జీన్స్ ప్యాంట్లు పక్కకు తోసి మరీ కూర్చున్నారు. కడియాలు చాలక ఒక్కోదానికి ఐదారుగురు కట్టుకున్నారు. ముందు ఖాళీ బిందెలు. ఏం చేస్తున్నారని అడిగాను.

"పడవలమైనాం," అంది పంకజాక్షి. "మీరూ రాండి, ఈడ జాగా ఉండాది."

గౌరవ కార్యదర్శి హోదాలో నేను అభ్యంతరం చెప్పాను. తర్వాత వెళ్లి కూర్చున్నాను. ఈ వ్యాసం అక్కడే, తొడ మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఎండ ఎక్కుతోంది. మెట్లు కాలుతున్నాయి. అయినా ఇలాంటి రేవు ఇంకే ఊరికీ లేదని ఇప్పటికీ నా వాదన.

మల్లికార్జునయ్య వచ్చాడు. మమ్మల్ని అటు చివర నుంచి ఇటు చివర దాకా చూశాడు. ఈల నోట్లో పెట్టుకుని, మళ్లీ తీసేశాడు. రిజిస్టరు తెరిచి, లెక్కపెట్టుకుంటూ వచ్చి, నాగరత్నమ్మ ముందు ఆగాడు. కొత్త పడవ వస్తే వివరాలు రాసుకోవాలని నిబంధన.

"సరుకుండే పడవా, ఖాళీదా?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"ఖాళీదే అప్పా," అంది నాగరత్నమ్మ. "నిన్న మధ్యాన్నం నుంచి గొంతులో చుక్క నీళ్లు పడలే."